డాక్ట్రిన్‌కీ భావజాలానికీ తేడా చెప్పే ఆన్‌లైన్ కోర్సు: విన్నాక నా అభిప్రాయం

పొలిటికల్ సైన్స్ జవాబు పత్రాలు దిద్దే నాలాంటి వాళ్లకి కొన్ని ప్రశ్నలు చూడగానే నీరసం వస్తుంది. "రాజకీయ డాక్ట్రిన్ అంటే ఏమిటి? భావజాలానికీ దానికీ తేడా రాయండి" అనేది వాటిలో మొదటిది. కట్టలకి కట్టలు ఒకే జవాబు. డాక్ట్రిన్ అనగా కొన్ని నమ్మకాల సముదాయము, భావజాలము అనగా కూడా నమ్మకాల సముదాయమే, అయితే భావజాలము విస్తృతమైనది. అంతే, అక్కడితో పేజీ అయిపోతుంది. పిల్లల్ని అనడానికి కూడా లేదు, గైడ్లలో ఉన్నదే రాస్తున్నారు.

క్లాసులో చెప్పడానికి పనికొచ్చే సరుకు దొరుకుతుందేమోనని ఈ సబ్జెక్టు మీద ఒక ఆన్‌లైన్ కోర్సు కొని మొత్తం విన్నాను. మెచ్చుకోవాల్సింది చాలానే ఉంది, తిట్టాల్సింది కూడా గట్టిగానే ఉంది కాబట్టి పేరు చెప్పను. ఇలాంటి కోర్సు ఏది కొనాలనుకున్నా ముందు ఏం చూసుకోవాలో మాత్రం చెప్తాను.

మొత్తం 14 వీడియో పాఠాలు, ఒక్కోటి ముప్పావు గంట లోపే. వాటితోపాటు మూల పత్రాల తెలుగు అనువాదాలతో ఒక పీడీఎఫ్, ప్రతి పాఠం చివర క్విజ్, అప్పుడప్పుడు లైవ్‌లో సందేహాల క్లాసు. చెప్పే ఆయన వెనక మ్యూజిక్ పెట్టుకోడు, "హాయ్ ఫ్రెండ్స్" అనడు, బోర్డు మీద బాణాలు గీస్తూ గొంతు పెంచడు. కాగితం చేతిలో పెట్టుకుని చదువుతాడు, ఆపుతాడు, వివరిస్తాడు. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. స్పీడు పెంచి వినే అలవాటున్న వాళ్లకి నచ్చకపోవచ్చు.

మొదటి రెండు పాఠాలూ నిర్వచనాలే, వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు కోర్సు మూడో పాఠంలో మన్రో డాక్ట్రిన్‌తో మొదలవుతుంది. 1823 డిసెంబర్ 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో కాంగ్రెస్‌కి పంపిన వార్షిక సందేశం అది. అందులో పోస్టాఫీసుల లెక్కలున్నాయి, నౌకాదళం సంగతులున్నాయి, ఖజానా వివరాలున్నాయి. ఆ పొడుగాటి సందేశంలో ఒకచోట కొంత, చివరికొచ్చేసరికి ఇంకొంత, అమెరికా ఖండాల్లో యూరప్ రాజ్యాలు ఇక కొత్త వలసలు పెట్టకూడదు, అక్కడి స్వతంత్ర దేశాల జోలికి రాకూడదు అన్న మాటలు వస్తాయి. చాలావరకు విదేశాంగ మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆలోచన. "మన్రో డాక్ట్రిన్" అన్న పేరు ఆ రోజు ఎవరూ పెట్టలేదు, అది వాడుకలోకి రావడానికి పాతికేళ్ల పైనే పట్టింది. పీడీఎఫ్‌లో ఆ సందేశం చాలా భాగం ఉంది, పోస్టాఫీసుల సంగతులతో సహా. ఆ విసుగు భరించి చదివితే గానీ తెలియదు, ఇంత పెద్ద డాక్ట్రిన్ ఎంత మామూలు సర్కారు కాగితంలోంచి పుట్టిందో.

ఇక్కడే ఆయన నాలుగు గుర్తులు చెప్తాడు. డాక్ట్రిన్‌కి చెప్పినవాడు ఉంటాడు, చెప్పిన తేదీ ఉంటుంది, "ఫలానాది జరిగితే మేం ఫలానాది చేస్తాం" అన్న షరతు ఉంటుంది, వద్దనుకుంటే దాన్ని వెనక్కి తీసుకోవడం కుదురుతుంది. భావజాలానికి ఇవేవీ ఉండవు. ఉదారవాదాన్ని ఫలానా రోజు ప్రకటించారని ఎవరూ చెప్పలేరు, రేపటినుంచి రద్దు అని ఎవరూ జీవో ఇవ్వలేరు. దాన్ని నమ్మేవాళ్లలో చాలామందికి తాము ఉదారవాదులమన్న సంగతే తెలియదు.

షరతు ఉంది కదా అని ప్రతిసారీ అమలవుతుందని కాదు. 1833లో బ్రిటన్ ఫాక్‌లాండ్ దీవుల్ని ఆక్రమించుకుంటే అమెరికా కిమ్మనలేదు. మన్రో మాటని ఆ తొలి రోజుల్లో నిలబెట్టింది అమెరికా ఓడలు కాదు, దక్షిణ అమెరికాతో వ్యాపారం కావాలనుకున్న బ్రిటన్ నౌకాదళమే. తర్వాత 1904లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దానికో అనుబంధం తగిలించాడు. పొరుగు దేశాలు సరిగా నడుచుకోకపోతే పోలీసు పని మేమే చేస్తాం అని. 1823లో "మీరు రావద్దు" అన్నది 1904కి "మేం వెళ్తాం" అయింది. పేరు అదే, అర్థం తలకిందులైంది. ఈ మార్పుని కోర్సు చెప్పే ఆయన ఒక్క నిమిషంలో ముగించేశాడు. ఒక పాఠమంతా పెట్టాల్సిన చోటు అది.

నాలుగో పాఠం మన పుస్తకాల్లో అందరం చదువుకున్న రాజ్య సంక్రమణ సిద్ధాంతం, అంటే డాక్ట్రిన్ ఆఫ్ లాప్స్. డల్హౌసీ 1848 నుంచి 1856 వరకు గవర్నర్ జనరల్. కంపెనీ కింద ఉన్న సంస్థానంలో రాజు కన్నకొడుకు లేకుండా పోతే, దత్తతని కంపెనీ ఒప్పుకోకపోతే, రాజ్యం కంపెనీకి చేరుతుంది. 1848లో సతారా పోయింది, తర్వాత ఝాన్సీ, నాగపూర్. ఇది చదవని విద్యార్థి ఉండడు. అవధ్‌ని కూడా ఈ లిస్టులో చేర్చని విద్యార్థీ అరుదే. దిద్దీ దిద్దీ నా ఎర్ర పెన్నుకి ఆ పేరు అలవాటైపోయింది. అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో నిక్షేపంగా బతికే ఉన్నాడు. అక్కడ చూపించిన కారణం వేరు, పాలన బాగాలేదని.

ఇన్నాళ్లూ ఇది పరీక్షలో మార్కు పోయే చోటుగానే పిల్లలకి చెప్పేవాళ్లం. ఈ కోర్సు దీన్నే అసలు పాఠంగా మార్చింది. డాక్ట్రిన్ షరతు అవధ్‌కి సరిపోలేదు, రాజు ఉన్నాడు కాబట్టి. అయినా రాజ్యం పోయింది. ఎందుకంటే డాక్ట్రిన్ వెనక "మా పాలనే వీళ్లకి మేలు" అన్న సామ్రాజ్య భావజాలం ఉంది, దానికి షరతులతో పని లేదు. ఒక డాక్ట్రిన్ ఒప్పుకోని చోట అది ఇంకో సాకు వెతుక్కుంది. ఇంకా ఉంది. 1858 నవంబర్‌లో రాణి ప్రకటన వచ్చాక రాజ్య సంక్రమణని వదిలేశారు, దత్తత హక్కుని ఒప్పుకుంటూ వైస్రాయ్ కానింగ్ కాలంలో సంస్థానాలకి సనదులు, అంటే హామీ పత్రాలు, ఇచ్చారు. డల్హౌసీ చేతికొచ్చాక డాక్ట్రిన్ పట్టుమని పన్నెండేళ్లు కూడా నిలవలేదు. భావజాలం మాత్రం 1947 దాకా రాజ్యం చేసింది. ఈ తేడా పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఎక్కడా కనబడలేదు.

ఐదో పాఠం ట్రూమన్ డాక్ట్రిన్. 1947 మార్చి 12, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ గ్రీస్‌కీ టర్కీకీ 40 కోట్ల డాలర్ల సాయం అడిగిన ప్రసంగం. బాగానే చెప్పాడు గానీ, ఇందులో తేడా బయటపడే చోటు ఆ ప్రసంగం కాదు, తర్వాత వచ్చిన యుగోస్లావియా వ్యవహారం. 1948లో ఆ దేశ నాయకుడు టిటో సోవియట్ అధినేత స్టాలిన్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. టిటో కమ్యూనిస్టే, దాచుకోలేదు కూడా. అమెరికా అతనికి డబ్బు ఇచ్చింది, ఆయుధాలు కూడా ఇచ్చింది. కమ్యూనిజాన్ని ద్వేషించే భావజాలం ఒక్కటే నడిపిస్తే ఇది జరగదు. సోవియట్ విస్తరణని ఆపాలన్న డాక్ట్రిన్ లెక్కలో అది సరిగ్గా సరిపోయింది. దీనికి కోర్సులో ఒకే ఒక్క వాక్యం దక్కింది. పోనీలే, ఆ వాక్యమైనా ఉంది.

ఆరో పాఠం దగ్గర మాత్రం చెయ్యెత్తి నమస్కారం పెట్టాలి. ఒకే భావజాలం పేరు మీద ఒకదానికొకటి పడని డాక్ట్రిన్లు వరసగా ఎలా వచ్చాయో సోవియట్ చరిత్రలో చూపించాడు. 1917లో అధికారంలోకి వచ్చినవాళ్లు యూరప్ అంతా విప్లవం అంటుకుంటుందని ఎదురుచూశారు. జర్మనీలో అది 1923కి చల్లారిపోయింది. 1924 చివర్లో స్టాలిన్ "ఒకే దేశంలో సోషలిజం" అన్నాడు, ట్రాట్‌స్కీ కాదన్నాడు. 1956లో సోవియట్ పార్టీ 20వ కాంగ్రెస్‌లో, అంటే మహాసభలో, స్టాలిన్ తర్వాత వచ్చిన క్రుశ్చేవ్ శాంతియుత సహజీవనం అన్నాడు, పెట్టుబడిదారీ దేశాలతో యుద్ధం తప్పనిసరేమీ కాదన్నాడు. 1968 ఆగస్టులో చెకోస్లోవేకియాలోకి ట్యాంకులు వెళ్లాయి. ఆ నవంబర్‌లో పోలండ్ పార్టీ కాంగ్రెస్‌లో సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ దాన్ని సమర్థించుకున్నాడు: ఒక దేశంలో సోషలిజానికి ముప్పు వస్తే అది ఆ ఒక్క దేశం గొడవ కాదు, సోషలిస్టు దేశాలన్నిటి గొడవ. బయటివాళ్లు దానికి బ్రెజ్నెవ్ డాక్ట్రిన్ అని పేరు పెట్టారు.

వీళ్లందరూ తాము మార్క్సిస్టులమనే చెప్పుకున్నారు. అందరూ అవే పుస్తకాల్లోంచి ఉటంకించారు. అంటే భావజాలం డాక్ట్రిన్‌ని పుట్టించదు, ఏ డాక్ట్రిన్ వచ్చినా దానికి మాటలు అందిస్తుంది. ఈ ముక్క ఆయన సొంతంగా అన్నాడు, పీడీఎఫ్‌లో లేదు. నేను రాసుకున్నాను.

ఈ పాఠం చివర్లో నవ్వు కూడా ఉంది. 1989 అక్టోబర్ 25న సోవియట్ విదేశాంగ ప్రతినిధి గెన్నాడీ గెరాసిమోవ్‌ని అమెరికా టీవీవాళ్లు బ్రెజ్నెవ్ డాక్ట్రిన్ సంగతేమిటని అడిగారు. ఇప్పుడు మాది సినాట్రా డాక్ట్రిన్ అన్నాడాయన. ఎవరి దారి వాళ్లదే అని పాడిన ఆ అమెరికన్ గాయకుడి పేరు మీద. అంతకుముందు డిసెంబర్‌లోనే గోర్బచేవ్ ఐక్యరాజ్యసమితిలో ప్రతి దేశానికీ తన దారి ఎంచుకునే స్వేచ్ఛ ఉందని గంభీరంగా చెప్పాడు. గెరాసిమోవ్ దాన్నే ఒక జోకులో పెట్టాడు. రెండు వారాల్లో బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఒక డాక్ట్రిన్‌ని జోకుతో సాగనంపడం కుదిరింది. భావజాలాన్ని అలా సాగనంపడం కుదరదు.

ఏడు, ఎనిమిది పాఠాలు అణు డాక్ట్రిన్లు, జర్మనీ. అణ్వాయుధాలు మేం ముందుగా వాడం అన్న మాట చైనా 1964లో మొదటి పరీక్ష జరిపిన రోజే చెప్పింది. మన దేశం 2003 జనవరిలో కేబినెట్ కమిటీ నిర్ణయంగా ప్రకటించింది. సోవియట్ యూనియన్ 1982లో చెప్పింది, రష్యా 1993లో మానుకుంది. చైనా భావజాలం ఏమిటి, మనదేమిటి? అయినా ఇక్కడ డాక్ట్రిన్ ఒకటే. ఆరో పాఠాన్ని తిరగేసి చూపించినట్టుంది ఇది, కానీ ఆ సంబంధం ఆయన ఎత్తి చూపడు, మనమే పట్టుకోవాలి. జర్మనీ పాఠంలో హాల్‌స్టీన్ డాక్ట్రిన్: తూర్పు జర్మనీని గుర్తించిన దేశంతో పశ్చిమ జర్మనీ దౌత్య సంబంధాలు పెట్టుకోదు. 1957లో యుగోస్లావియాతో, 1963లో క్యూబాతో తెంచుకుంది. సోవియట్ యూనియన్‌కి మాత్రం మొదటినుంచీ మినహాయింపే. 1972 డిసెంబర్‌లో రెండు జర్మనీలూ ఒప్పందం మీద సంతకాలు పెట్టాక ఇక దాని పేరెత్తినవాడు లేడు.

ఇక తిట్లు. తొమ్మిదో పాఠం భావజాలం చరిత్ర. ఆ మాటని 1796లో డెస్టూట్ ద ట్రాసీ అనే ఫ్రెంచాయన పుట్టించాడు, ఆలోచనలని పరిశీలించే శాస్త్రం అన్న అర్థంలో. నెపోలియన్ దాన్ని వెక్కిరింపుగా మార్చాడు, 1812లో రష్యానుంచి ఓడి తిరిగొచ్చాక దేశానికి వచ్చిన కష్టాలన్నిటికీ భావజాలమే కారణమన్నాడు. తర్వాత మార్క్స్ వచ్చి, పాలించే వర్గం ఆలోచనలే ఆ కాలపు పాలక ఆలోచనలన్నాడు. ఇంతవరకూ బాగుంది. ఆ తర్వాత వచ్చినవన్నీ ఊపిరాడని పేర్ల జాబితా. ఒక్క పేరు దగ్గర కూడా ఆగడు. మూడో పాఠంలో పోస్టాఫీసుల లెక్కలకి ఆగిన మనిషి ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంసీ దగ్గర ఆగకపోవడం ఏమిటి? భావజాలం ఎక్కువగా మనం గమనించని చోట పనిచేస్తుందని, "ఇది మామూలే కదా" అనిపించే చోటే దాని బలమంతా ఉంటుందని ఈ పాఠంలో చెప్పాలి. చెప్పలేదు.

అదే పాఠంలో ఒక పటం ఉంది. పైన భావజాలం, దాని కింద డాక్ట్రిన్, దాని కింద విధానం, దాని కింద చర్య. బాణాలన్నీ కిందికే. ఈ పటం తీసేయాలి. ఆయన చెప్పిన పాఠాలే దీన్ని ఒప్పుకోవు. ఇటలీలో ఫాసిస్టులు 1922లో అధికారంలోకి వచ్చారు. ఫాసిజం డాక్ట్రిన్ అని ముసోలినీ పేరు మీద వ్యాసం అచ్చయింది 1932లో, అదీ ఒక విజ్ఞాన సర్వస్వంలో, దాంట్లో మొదటి భాగం చాలావరకు జెంటీలే అనే తత్వవేత్త రాసిపెట్టింది. పదేళ్లు చేసిన పనులకి తర్వాత రాసుకున్న జాతకం అది. బ్రెజ్నెవ్ కూడా ట్యాంకులు వెళ్లాకే సమర్థన చెప్పాడు. బాణాలు చాలాసార్లు పైకే వెళ్తాయి: ముందు పని, తర్వాత దానికో డాక్ట్రిన్, దాన్ని భావజాలంతో కలిపి కుట్టడం ఆఖరి పని.

నాలుగు గుర్తుల పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. సందేహాల క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "సార్, ప్రజాస్వామ్యం డాక్ట్రినా, భావజాలమా?" ఆయన నవ్వి, "ఎవరు ప్రకటించారమ్మా? ఏ రోజు? ఏం జరిగితే ఏం చేస్తామన్నారు? ఈ మూడూ చెప్పు, డాక్ట్రిన్ అని రాసుకుందాం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి వదల్లేదు. "మరి అధికారాల విభజనని డాక్ట్రిన్ అనే అంటున్నారు కదా సార్, దాన్ని ఏ దేశం ప్రకటించింది?" ఆయన టైమ్ అయిపోయిందన్నాడు. మంచి ప్రశ్నకి అది జవాబు కాదు.

జవాబు కష్టమేమీ కాదు. డాక్ట్రిన్ రెండు రకాలుగా వాడుకలో ఉంది. ఒకటి ప్రభుత్వం ప్రకటించేది, ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ ఆ రకమే. రెండోది ఒకరు బోధించి, వాదించి నిలబెట్టే ఒక నిర్దిష్టమైన సూత్రం. శాసనం, కార్యనిర్వహణ, న్యాయం ఒకే చేతిలో ఉండకూడదని ఫ్రెంచి ఆలోచనాపరుడు మాంటెస్క్యూ 1748లో వాదించాడు. 1787లో అమెరికా తన రాజ్యాంగాన్ని ఆ మాట మీదే కట్టుకుంది. 1789 ఫ్రెంచి హక్కుల ప్రకటన 16వ అధికరణం ఇంకా ముందుకెళ్లి, అధికారాల విభజన లేని సమాజానికి రాజ్యాంగమే లేనట్టు అంది. ఈ రకం డాక్ట్రిన్‌కి షరతు ఉండదు, కానీ ఒక వాక్యంలో చెప్పొచ్చు, కారణాలతో కాదనొచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. సంప్రదాయవాదీ తీసుకుంటాడు, ఉదారవాదీ తీసుకుంటాడు, ఎన్నికల్లో నిలబడే సోషలిస్టూ తీసుకుంటాడు. భావజాలాన్ని అలా విడి ముక్కగా తీసుకోవడం కుదరదు. దాంట్లో మనిషి అంటే ఎవరు, న్యాయం అంటే ఏమిటి, చరిత్ర ఎటు పోతోంది అన్నవన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. ఆ అమ్మాయి ఎవరో గానీ, కోర్సులో లేని పాఠాన్ని ఆమె అడిగింది.

ఇంకో లోటు, చిన్న దేశాల ఊసే లేకపోవడం. డాక్ట్రిన్ అంటే బలవంతుడు గీసే గీత అన్న భావనతో విద్యార్థి బయటికొస్తాడు. 1902లో వెనిజులా అప్పులు కట్టలేదని బ్రిటన్, జర్మనీ, ఇటలీ ఓడలతో ఆ దేశాన్ని దిగ్బంధం చేశాయి. అప్పుడు అర్జెంటీనా విదేశాంగ మంత్రి లూయిస్ మరియా డ్రాగో, ప్రభుత్వ అప్పుల వసూలుకి సైన్యాన్ని వాడకూడదు అన్నాడు. 1907లో హేగ్ సమావేశం ఆ మాటని కొంత మార్చి, కొన్ని మినహాయింపులతో ఒప్పందంగా తీసుకుంది. 1930లో మెక్సికో విదేశాంగ మంత్రి ఎస్ట్రాడా, ఏ దేశంలో ఏ ప్రభుత్వం వచ్చినా దాని మంచిచెడ్డల మీద తీర్పు చెప్పబోమన్నాడు. గుర్తింపు కోసం బయటివాళ్ల ముందు నిలబడాల్సి వచ్చిన దేశం అన్న మాట అది. మన విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు గుజ్రాల్ చెప్పిన గుజ్రాల్ డాక్ట్రిన్ సంగతి సరేసరి. చిన్న పొరుగు దేశాలకి ఇచ్చి, తిరిగి అంతే ఆశించవద్దన్న 1996 నాటి ఆలోచన, అదే డిసెంబర్‌లో బంగ్లాదేశ్‌తో గంగ నీళ్ల ఒప్పందం. కోర్సు కొనేది తెలుగువాళ్లు. ఇది లేకపోవడానికి సాకు లేదు.

క్విజ్‌ల గురించి ఎక్కువ రాయను. పాఠం ఆలోచించమంటుంది, క్విజ్ నిర్వచనం టిక్ పెట్టమంటుంది. "కింది వాటిలో విస్తృతమైనది ఏది?" అన్న ప్రశ్న చూసి కంప్యూటర్ మూసేశాను. పాఠాలు చెప్పిన మనిషీ క్విజ్ రాసిన మనిషీ ఒకరు కాదని నా అనుమానం.

పది నుంచి పద్నాలుగు వరకు పార్టీ మేనిఫెస్టోలు, ఎన్నికల హామీలు, "విధానం" అనే మాట. వినొచ్చు, వినకపోయినా నష్టం లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం అన్నీ చూడాల్సిందే, మధ్యలో స్కిప్ చేస్తే యాప్ ఒప్పుకోదు. ఫోన్‌లో పీడీఎఫ్ అక్షరాలు మరీ చిన్నవి, ప్రింట్ తీసుకోవడం మేలు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. పరీక్షకి రెండు రోజుల ముందు కొనేవాళ్లకి ఇది పనికిరాదు, వాళ్లకి గైడే దిక్కు. పాఠం చెప్పేవాళ్లు, వార్తల్లో ఎవరో "డాక్ట్రిన్" అనగానే దాని వెనక ఎవరున్నారో చూడాలనుకునేవాళ్లు కొనుక్కోవచ్చు. కొంటే వరసగా వినకండి. ముందు ఆరు, తర్వాత నాలుగు, ఆపైన మూడు వినండి. మూడోది వినే ముందు పీడీఎఫ్‌లో మన్రో సందేశం పూర్తిగా చదవండి, పోస్టాఫీసుల దగ్గర పేజీ తిప్పేయకుండా. మొదటి రెండు పాఠాల నిర్వచనాలు చివర్లో విన్నా చాలు, అప్పటికి వాటిలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో మీకే తెలిసిపోతుంది.